ఆరో అట్ట

ధర్మవరం,
30 జూన్ 2025, సోమవారం

మీకు నమస్కారాలు.

నా రాతను, అందులోని తప్పులను క్షమించాలి. ఐదో తరగతి అయ్యాక నా చేతికి సూదీ సుత్తీ ఇచ్చారు గానీ కలం ఇవ్వలేదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియని చోట గబుక్కున రాసి ముందుకు పోయాను. ఇంట్లో గీతల కాగితం లేక, చీరల డిజైన్లు గీసే గళ్ళ కాగితం మీద రాస్తున్నాను. గళ్ళ మీద కూడా అక్షరాలు వరుసలో నిలబడటం లేదు.

ఫోన్ చేయమన్నారు. ఈ ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. అది మోగితే అమ్మ, అవ్వ, పక్కింటి దొడ్డమ్మ ముగ్గురూ చేతిలో పని ఆపి నా ముఖం చూస్తారు. నాకు "తిన్నారా" తప్ప వేరే మాట రాదు. పెళ్ళయి మూడు నెలలైంది, మీతో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. అందుకే ఉత్తరం. రంగయ్య మామ మంగళవారం, శుక్రవారం పొద్దున పాసింజరులో హిందూపురం వచ్చి, మగ్గాలవాళ్ళకు పట్టునూలు తీసుకుని సాయంత్రం తిరిగి వస్తాడు. ఆయన చేతికిస్తే పోస్టు కన్నా ముందు చేరుతుంది.

పెనుకొండలో అత్తమ్మ నన్ను రైలెక్కించేటప్పుడు, "ఆషాఢం పోయేదాకా వాడు మీ గడప తొక్కగూడదు, నువ్వు మా గడప తొక్కగూడదు. నెల్రోజులే కదమ్మా, కండ్లు మూసి తెరిస్తే అయిపోతాది," అన్నారు. కళ్ళు నాలుగు రోజులుగా మూసి తెరుస్తూనే ఉన్నాను. ఇక్కడ నా పాత పని నాకు మళ్ళీ దొరికింది. నాయన గళ్ళ కాగితం మీద డిజైన్ గీస్తే, దాన్ని చూసి మగ్గానికి అట్టలు కొట్టడం. ఏ దారం పైకి లేవాలో అట్టలో ఉన్న రంధ్రం చెబుతుంది కదా, ఒక్కటి తప్పితే నెమలికి రెండు ముక్కులు వస్తాయి.

ఒక సంగతి అడుగుతాను, కోప్పడకండి. పెళ్ళిలో అందరూ మీ ఉద్యోగం ఏమిటని అడిగారు. కెమెరాలు చేసే పని అన్నాను. "స్టూడియోనా?" అన్నారు. అవునన్నాను. అది నిజమేనా? జూలై ఆఖరుకు మిమ్మల్ని ఉంచుకునేదీ లేనిదీ తేలుస్తారని, ఉంచుకుంటే హిందూపురంలో ఇల్లు చూసి నన్ను పిలుచుకుంటారని, లేకపోతే మళ్ళీ పెనుకొండలో సెల్లు రిపేరు అంగడేనని చెప్పారు. దేవుడికి దండం పెట్టుకోవాలన్నా పని పేరేమిటో తెలియాలి కదా.

ఇది చదివాక కాల్చేయండి. ఎవరి కంటా పడకూడదు.

ఇట్లు,
సుచిత్ర

*

హిందూపురం,
4 జూలై 2025

సుచిత్రకు,

ఉత్తరం అందింది. కాల్చలేదు. మా గదిలో అగ్గిపెట్టె ఉంచుకోనివ్వరు. నువ్వు ఇంత మాట్లాడగలవని తెలిస్తే పెళ్ళికి ముందే ఉత్తరాలు రాయించుకునేవాణ్ణి.

స్టూడియో కాదు. మేం చేసే కెమెరా పిడికిలంత ఉంటుంది. ఉపగ్రహానికి బిగిస్తారు. అది మనుషులను చూడదు, నక్షత్రాలను మాత్రమే చూస్తుంది. పైన రోడ్డు లేదు, మైలురాయి లేదు, దారి అడగడానికి టీ అంగడి లేదు. కింద నుంచి మనం చెప్పే మాట అన్ని వేళలా అందదు. ఉపగ్రహం తన ముఖం ఎటు తిరిగి ఉందో తానే తెలుసుకోవాలి. అందుకని ఈ కెమెరా ఎదురుగా ఉన్న ఆకాశాన్ని ఫోటో తీస్తుంది. అందులో బాగా వెలిగే నాలుగైదు నక్షత్రాలను పట్టుకుని వాటి మధ్య ఎడం కొలుస్తుంది. దాని లోపల నక్షత్రాల పట్టిక ఉంటుంది. కొలిచిన ఎడాలు పట్టికలో ఎక్కడ సరిపోతే, "నేను చూస్తున్నది ఈ దిక్కు" అని తేల్చుకుంటుంది. ఎవరినీ అడగదు. నీకన్నా బిడియం దానికి.

ఈ ఒక్క కెమెరాకు అద్దాలు నా చేత్తో అమర్చాను. ఇది ఇరవై నాలుగో తేదీన బెంగళూరు పోవాలి. ఇది బాగుంటే నేను ఉంటాను, అంతే సంగతి.

ఇప్పుడు చిక్కేమిటంటే, పెనుకొండ కొండ మీదికి తీసుకుపోయి నిజం ఆకాశాన్ని చూపించాలనుకున్నాం. పది రోజులుగా మోడం. ఒక్క నక్షత్రం కనబడితే ఒట్టు. గదిలోనే ఆకాశం చేసి చూపించాలి. నల్లటి మందపు అట్టకు నక్షత్రాలు ఉన్న చోట సన్నని రంధ్రాలు వేసి, వెనక నుంచి దీపం పెడితే కెమెరాకు అది ఆకాశమే. బెంగళూరులో చేసిస్తారు గానీ మూడు వారాలన్నారు. "మా అత్తగారింట్లో గళ్ళు చూసి అట్టలు కొట్టేదే పని మేడమ్," అన్నాను. మా ఇంజనీరు నాజ్నీన్ మేడమ్ నన్ను పైకీ కిందికీ చూసి, "ఏమప్పా ప్రసాద్, ఆకాశాన్ని చీర మాదిరి నేయిస్తావా?" అంది. తర్వాత సరే అంది. సూక్ష్మమైన కొలతలకు ఇది చాలదట, గుర్తు పడుతుందా లేదా చూడటానికి చాలునట.

ఆరు గ్రాఫులు, ఆరు నల్లటి అట్టలు పంపుతున్నాను. చిన్న గుర్తుకు సన్నసూది, పెద్ద గుర్తుకు లావుసూది. ఒక్కటి కూడా వదిలిపెట్టద్దు. మీ నాయనకు చెప్పు. లేదా నువ్వే చేస్తానంటే ఇంకా సంతోషం.

ప్రసాద్

*

ధర్మవరం,
7 జూలై 2025, సోమవారం

మీకు నమస్కారాలు.

అట్టలు ఆరూ అయ్యాయి. నాయన చేయలేదు, నేనే చేశాను. నాయనకు ఇప్పుడు సన్నసూది మొన కనబడదు, ఆ మాట ఎవరితోనూ అనకండి. రాత తప్పులకు మళ్ళీ క్షమించండి. సూదితో అయితే తప్పు పోను, కలంతోనే పోతాను.

నల్ల అట్టలు చూసి మా అవ్వ చౌడక్క, "ఏమే, నీ మొగుడు ఆకాశానికి బొక్కలు కొట్టమన్నాడా? ఈ యేడు వాన ఎక్కువైతే మన మీదికే వస్తారు చూడు జనం," అంది. దొడ్డమ్మ వచ్చి, "ఇది యాడ డిజైనే తల్లీ, అంచు లేదు, కొంగు లేదు, ఎవరు కట్టుకుంటారు దీన్ని?" అంది. ఉపగ్రహం కట్టుకుంటుందని చెప్పలేక, బెంగళూరు ఆర్డరు అన్నాను.

మీరు రాసిన కెమెరా సంగతి రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి చదువుతుంటే నాయన గుర్తొచ్చాడు. మగ్గం మీద చీర మధ్యలో దారాలు తెగి అట్టల వరుస తప్పిపోతే, నేసేవాళ్ళు నాయనను పిలుస్తారు. ఎన్నో అట్ట దగ్గర ఆగిందని ఆయన ఎవరినీ అడగడు. నేసినంత వరకు వంగి చూస్తాడు. ఈ బుటాకు ఆ బుటాకు ఎంత ఎడం, తీగ ఎటు వంగింది, ఆకు సగమా పూర్తా, అంతే. "నూట పన్నెండో అట్ట పెట్టప్పా," అంటాడు. మీ కెమెరా కూడా అంతేనా? తప్పయితే నవ్వకండి.

ఏ వైపు పైనో తెలియడానికి ప్రతి అట్టకు వెనక పెన్సిలుతో పై వైపు కొంగు అని, పక్కలకు కుడి అంచు, ఎడమ అంచు అని రాశాను. మాకు అలవాటు. అవసరం లేకపోతే చెరిపేయండి. గ్రాఫులో ఉన్నది ఒక్కటీ వదల్లేదు. పనికి దిష్టి తగలకుండా అవ్వ నేర్పినట్టు చేయవలసింది చేశాను.

తింటున్నారా? ఉత్తరం కాల్చేయండి. అగ్గిపెట్టె లేకపోతే చించి కాలవలో వేయండి.

ఇట్లు,
సుచిత్ర

*

హిందూపురం,
11 జూలై 2025

సుచిత్రకు,

తొందరలో రాస్తున్నాను, రంగయ్య మామ బయట నిలబడి గొణుగుతున్నాడు. అట్టలు చాలా బాగున్నాయి. నీ రాత చూసి మేడమ్ ఒకటే నవ్వు. ఆఫీసంతా పిలిచి చూపించింది.

ఐదు అట్టలు పెట్టి చూశాం. ఐదింటినీ కెమెరా గుర్తుపట్టింది. నాలుగో దానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఆరోది సోమవారం. అట్టలను గ్రాఫుతో పోల్చి సరిచూసినట్టు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, నేను పెట్టాను. నువ్వు చేసింది కదా, చూసేదేముంది.

దిష్టి తీశావట, మంచిదే. నిమ్మకాయా, ఎండుమిరపకాయా?

ప్రసాద్

*

హిందూపురం,
18 జూలై 2025, శుక్రవారం

సుచిత్రకు,

మంగళవారం నీ ఉత్తరం వస్తుందనుకున్నాను, రాలేదు. ఈ రోజూ రాలేదు. అడిగితే రంగయ్య మామ, "రాయలేదప్పా, నేనేం చేసేది? బాగానే ఉండాది, అట్టలు కొడతాండాది," అన్నాడు. నేను రావడం లేదని కోపమా? ఆషాఢం పెట్టింది నేను కాదు. నాకు అసలు ఇక్కడ ఏదీ బాగాలేదు, నీ ఉత్తరం కూడా లేకపోతే ఎట్లా?

ఆరో అట్ట దగ్గర కెమెరా తప్పిపోయింది. సోమవారం నుంచి ఈ రోజు వరకు నలభై సార్లు చూపించాం. ఒకసారి ఒక దిక్కు అంటుంది, ఇంకోసారి దానికి పూర్తిగా ఎదురు దిక్కు, ఇంకోసారి తెలియదంటుంది. ఆ అట్టలో నక్షత్రాలు అంచుల దాకా ఉన్నాయి. కాబట్టి అద్దం ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, అందుకే అంచున ఉన్నవి సరిగా పడటం లేదు అని అందరూ అంటున్నారు. అద్దం అమర్చింది నేను. నా చెయ్యి వణికిందా అని మేడమ్ అడిగింది. లేదన్నాను. తర్వాత ఇంటికొచ్చి నా చెయ్యి నేనే చూసుకున్నాను.

అట్ట మీద అనుమానం లేదా అని ఒకాయన అడిగాడు. సరిచూశాను, సంతకం ఉంది కదా అన్నాను.

సోమవారం కెమెరా విప్పుతారు. ఒకసారి విప్పితే జిగురు తీసి, అద్దం కడిగి, మళ్ళీ అమర్చి ఎండబెట్టడానికి నెల పడుతుంది. ఇరవై నాలుగున పంపలేరు. ఆ ఉపగ్రహం వాళ్ళు వేరే కెమెరా చూసుకుంటారు. నా సంగతి నీకు వేరే చెప్పనక్కరలేదు. అమ్మకు ఇంకా చెప్పలేదు. అంగడి షట్టరు తుప్పు పట్టి ఉంటుంది, నూనె వేయించమని మాత్రం చెప్పాను. ఎందుకురా అని అడిగింది.

ఒక్క ముక్కైనా రాయి.

ప్రసాద్

*

ధర్మవరం,
18 జూలై 2025, శుక్రవారం, దీపాలు పెట్టే వేళ

మీకు నమస్కారాలు.

మీ అద్దం ఒరగలేదు. మీ చెయ్యి వణకలేదు. తప్పు నాది. ఇది ముందు చెప్పి తర్వాత మిగతాది చెబుతాను.

ఆరో అట్టలో కుడి అంచు వైపు, కొంగు దగ్గర మూలలో ఒక రంధ్రం ఎక్కువ ఉంది. గ్రాఫులో అది లేదు. నేను కొట్టాను. అవ్వ నాకు పని నేర్పినప్పుడు చెప్పింది, కొత్త డిజైన్ అట్టలు పూర్తయితే ఆఖరి అట్టకు మూలలో ఒక రంధ్రం ఎక్కువ కొట్టాలని. "పని నిండుగా ఉంటే కన్ను పడతాదే, ఒకటి తప్పు పెట్టి ఇడువు," అంటుంది. మా ఇంట్లో అన్ని అట్టలకూ కొడతాం. మగ్గానికి దానివల్ల ఏ నష్టమూ లేదు. ఆ మూలకు ఏ దారమూ తగలదు. మీకు దిష్టి తీశానని రాసింది అదే. నిమ్మకాయ కాదు.

మీ మొదటి పని కదా అని లావుసూదితో, అన్నిటికన్నా పెద్దగా కొట్టాను. కెమెరా ముందుగా బాగా వెలిగేవాటినే పట్టుకుంటుందని మీరు రాశారు. ఆ ముక్క నేను రెండుసార్లు చదివాను, అయినా తట్టలేదు. చీర అట్టలో మూల అంటే ఖాళీ. ఆకాశానికి ఖాళీ మూల ఉండదని నాకు తెలియదు.

ఈ వారం ఎందుకు రాయలేదో కూడా చెప్పాలి. నా రాత చూసి మేడమ్ నవ్విందని, ఆఫీసంతా పిలిచి చూపించిందని రాశారు. అది చదివి సిగ్గుతో చచ్చిపోయాను. ఇక కలం పట్టకూడదనుకున్నాను. కోపం మీ మీద కాదు. కొంచెం మీ మీద కూడా.

మీ ఉత్తరం ఇప్పుడు సాయంత్రం రంగయ్య మామ ఇచ్చాడు. చదివిన వెంటనే ఫోన్ చేశాను. మీరు "చెప్పు" అన్నారు. అమ్మ, అవ్వ, దొడ్డమ్మ చూస్తున్నారు. "తిన్నారా" అన్నాను. మీరు తిన్నానన్నారు, పెట్టేశాను. తర్వాత బయటికి వెళ్ళి రంగయ్య మామ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. రేపు కూడా హిందూపురం పోవాలి మామా అన్నాను. "రేపు నాకు ఆడ ఏం పనుండాది? ఉత్తరం మంగళవారం తీస్కపోతాలే, మొగుడు యాడికీ పోడు," అన్నాడు. పోతాడు మామా, సోమవారం పోతాడు అని ఏడ్చాను. ఆయన భయపడి ఒప్పుకున్నాడు. ఏమనుకున్నాడో ఏమో, మీరు కనబడగానే రెండు చేతులూ పట్టుకుంటే విడిపించుకోకండి.

ఇంకొక మాట. ఇది మీరు మీ నోటితో చెబితే, ఉద్యోగం పోతుందని భార్య మీద నెట్టాడంటారు. లేదా నన్ను వెనకేసుకొచ్చి మీరే చేశానంటారు, నాకు తెలుసు. అందుకని ఈ ఉత్తరాన్ని కాల్చమని అడగను. మేడమ్ చేతికివ్వండి. కాగితం మొత్తం ఇవ్వండి, పైన కింద మడవకండి. తప్పులున్నా నవ్వినా సరే, ఇది నా రాతేనని ఆమెకు తెలుసు, అట్టల వెనక చూసింది కదా. మీరు లెక్కపెట్టకుండా సంతకం పెట్టారన్న సంగతి కూడా బయటపడుతుంది. దానికి నేనేమీ చేయలేను.

కెమెరా విప్పకండి.

సుచిత్ర

*

ధర్మవరం,
21 జూలై 2025, సోమవారం

మీకు నమస్కారాలు.

శనివారం రంగయ్య మామ ఖాళీ చేతులతో వచ్చాడు. "ఉత్తరం ఇచ్చినానమ్మా. నిలబడే చదివినాడు. ముఖం తెల్లగా అయిపోయె. లోపలికి ఉరికినాడు. నాకు టీ గూడా చెప్పలా," అన్నాడు. ఆదివారమూ ఏమీ తెలియలేదు. ఈ రోజు సోమవారం. విప్పేశారో లేదో.

నేనేమీ అడగను. కోపం ఉంటే ఉన్నంత రాయండి. రాయకుండా మాత్రం ఉండకండి, నేను పోయిన వారం అట్లా ఉండి తప్పు చేశాను. నేను రాసి ఉంటే మీరు ముందే అడిగేవారు, నేను ముందే చెప్పేదాన్ని.

అవ్వకు జరిగింది చెప్పాను. మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది. తర్వాత, "నా కాలంలో ఆకాశానికి అట్టలు కొట్టలేదులేమ్మా, నాకేం తెలుసు," అంది. పాపం, అన్నం సగమే తింది.

సుచిత్ర

*

హిందూపురం,
22 జూలై 2025, మంగళవారం

సుచిత్రకు,

విప్పలేదు.

నీ సోమవారం ఉత్తరం ఇప్పుడే చదివాను. మూడు రోజులు నిన్ను అట్లా ఉంచినందుకు నన్ను ఏమన్నా పడతాను. శనివారం పొద్దున లోపలికి పోయినవాళ్ళం నిన్న సాయంత్రం దాకా ఇంటి ముఖం సరిగా చూడలేదు. ఫోన్లు బయట పెట్టెలో ఉంటాయి. నిన్న ఇంటికొచ్చాక చేద్దామనుకున్నాను. ఆ ముగ్గురి మధ్య నిన్ను నిలబెట్టడం ఎందుకని ఆగాను. అది కూడా తప్పే.

శనివారం నీ ఉత్తరం మేడమ్ చేతికిచ్చాను. మడవలేదు. మొదటి నుంచి చివరి దాకా చదివింది. నవ్వలేదు. "ఏమప్పా, లెక్కపెట్టకుండానే సంతకం చేసినావా?" అంది. చేశానన్నాను. "మీ ఇంటామె ఇది రాయకుంటే సోమవారం ఒక మంచి కెమెరాను కోసి పారేసేవాళ్ళం. అద్దం నీది బాగుండాది. సంతకమే బాగాలేదు," అంది. అందరి ముందే అంది. తల వంచుకుని నిలబడ్డాను.

ఆ రంధ్రం మీద నల్ల టేపు అతికించి చూపించాం. కెమెరా వెంటనే గుర్తుపట్టింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. నేను సర్దుకుని బయలుదేరబోయాను. మేడమ్ కదల్లేదు. కాసేపయ్యాక లేచి పోయి టేపు పీకేసింది. మళ్ళీ తప్పిపోయింది. మళ్ళీ అతికించింది, గుర్తుపట్టింది. "ఇది అట్ట తప్పు కాదు ప్రసాద్," అంది. పైన ఆకాశంలో కూడా ఇట్లాంటివి ఉంటాయట. పక్కన పోతున్న వేరే ఉపగ్రహం ఎండకు తళుక్కుమంటుంది. మన ఉపగ్రహం నుంచే పెచ్చు ఊడి ఎదురుగా తేలుతూ మెరుస్తుంది. కెమెరా లోపలే ఒక చోట దెబ్బ తిని ఎప్పుడూ వెలుగుతున్నట్టు కనబడుతుంది. అవేవీ నక్షత్రాలు కావు. మా కెమెరా అన్నిటికన్నా బాగా వెలిగేదాన్ని గుడ్డిగా నమ్ముతోంది. ఐదు మంచి అట్టలు చూపిస్తే ఆ సంగతి మాకు ఎప్పటికీ తెలిసేది కాదు. పైకి పోయాక తెలిసేది.

అందుకే మూడు రోజులు పట్టింది. ఇప్పుడు పట్టికలో సరిపోకపోతే, వెలిగేవాటిలో ఒక్కొక్కదాన్ని పక్కన పెట్టి మిగిలినవాటితో మళ్ళీ వెతుకుతుంది. నిన్న సాయంత్రం టేపు లేకుండా ఆరో అట్ట చూపించాం. రెండు క్షణాలు ఎక్కువ తీసుకుంది. గుర్తుపట్టింది.

మేడమ్ అప్పుడు నవ్విన సంగతి చెప్పాలి. ఇంజనీర్లు గీసిన గ్రాఫులకు ఏది పైనో ఏది కిందో తెలియక రోజుకొకసారి వీళ్ళు కొట్టుకుంటారు. నీ అట్టల వెనక కొంగు, అంచు చూసి, "ఇన్నాళ్ళూ ఇది మనకెందుకు తట్టలేదు?" అని నవ్వింది. ఆఫీసంతా పిలిచింది అది చూపించడానికే. రంగయ్య మామ తొందరలో సగం రాసి సగం మింగాను. ఇప్పుడు ఇక్కడ అందరూ "కొంగు వైపు తిప్పండి" అంటున్నారు. బెంగళూరు నుంచి వచ్చిన తమిళాయన కూడా.

నా ఉద్యోగం సంగతి. తీసేయలేదు. ఖాయమూ చేయలేదు. ఇంకో ఆరు నెలలు చూస్తామన్నారు, సంతకం వల్ల. నాకు బాధగా లేదంటే అబద్ధం. అయినా ఇల్లు చూస్తాను. రైలు స్టేషన్‌కు దగ్గరలో ఒక ఇల్లు ఉంది, నీళ్ళు రోజు మార్చి రోజు వస్తాయి. చాలా?

మేడమ్ నిన్నొకటి అడగమంది. ఇంకా పన్నెండు అట్టలు కావాలట. అన్నిటిలోనూ నీకు ఇష్టమైన చోట ఇట్లాంటి తప్పు రంధ్రాలు కొట్టాలి. ఒకటి కొడతావో మూడు కొడతావో, ఎక్కడ కొడతావో ఎవరికీ చెప్పకూడదు. మాకు కూడా. కెమెరా కనుక్కోవాలి. నీ జాబితా మూసిన కవరులో పెట్టి ఇవ్వాలి. కూలి కూడా ఇస్తారు. గ్రాఫులు, నల్ల అట్టలు దీనితోనే పంపుతున్నాను. నీ ఉత్తరాన్ని టెస్టు ఫైలులో పెట్టారు, ఫైలు నుంచి కాగితం తీయడానికి నాకు అధికారం లేదు.

గురువారం కెమెరాతో బెంగళూరు పోతున్నాను. శుక్రవారం రాత్రికి వస్తాను. ఆషాఢం ఎల్లుండితో పోతుంది, ఆదివారం అమ్మా నేనూ వచ్చి నిన్ను పిలుచుకుపోతాం.

అవ్వను అన్నం తినమను.

ప్రసాద్

*

ధర్మవరం,
24 జూలై 2025, గురువారం

మీకు నమస్కారాలు.

ఈ ఉత్తరం రేపు రంగయ్య మామ మీ గది తలుపు కింద తోసి వస్తాడు. బెంగళూరు నుంచి వచ్చాక చూస్తారు.

మీ ఉత్తరం అవ్వకు చదివి వినిపించాను. కొన్ని ముక్కలు వదిలేశాను. తళుక్కుమనే పెచ్చుల సంగతి దగ్గర, "అట్లైతే నేను చెప్పింది పనికొచ్చిందన్న మాట," అంది. అప్పుడే అన్నం తట్ట తెప్పించుకుని కూర్చుని తింది. దొడ్డమ్మకు మాత్రం వేరే రకంగా చెప్పుకుంటోంది. "నేను కొట్టించిన బొక్క లేకుంటే ఆ కెమెరా యాడికో పోతాండె," అని వీధంతా తిరిగి వచ్చింది. నేను సరిదిద్దలేదు.

అట్టల సంగతి ఒప్పుకున్నాను. పన్నెండూ మొదలుపెట్టాను, శనివారానికి అయిపోతాయి. ఇందులో ఒక కష్టం ఉంది. ఇన్నేళ్ళూ తప్పు పోకూడదని భయపడుతూ కొట్టాను. ఇప్పుడు కావాలని తప్పు చేయాలంటే చెయ్యి ముందుకు పోవడం లేదు. మొదటి అట్టకు ఎక్కడ కొట్టాలో తేల్చుకోవడానికి ఒక పూట పట్టింది. తెలిసిపోయే తప్పు చేస్తే కెమెరాకు పరీక్ష ఏముంది? నిజం లాగానే ఉండాలి. నిజమైన వాటి పక్కనే, వాటి వరుసలోనే నిలబడాలి. అట్లాంటి చోటు వెతకాలంటే నిజమైనవి ఎక్కడున్నాయో బాగా తెలియాలి. గ్రాఫులో పేర్లున్న నక్షత్రాల పేర్లన్నీ కూడబలుక్కుని చదివాను. నాయన చూసి పక్కన వచ్చి కూర్చున్నాడు.

ఆరో అట్టలో ఉన్నట్టు మూలలో మాత్రం కొట్టడం లేదు. అవ్వకు చెప్పాను, ఇది దిష్టికి కాదు అవ్వా అని. "అయితే దిష్టికి ఏం చేస్తావే?" అంది. ఆలోచించాలి.

ఆరు నెలల సంగతికి బాధపడకండి. మీరు నన్ను నమ్మి సంతకం పెట్టారు. అది మంచి మాటే, నాకు సంతోషమే. కానీ ఈసారి నేను చేశానని చూడకుండా పెట్టకండి. కూర్చుని లెక్కపెట్టండి. గ్రాఫులో ఎన్ని, అట్టలో ఎన్ని. తేడా వస్తే నన్ను అడగద్దు, నేను చెప్పను. మేడమ్‌తో చెప్పండి, కవరులో నా జాబితాతో ఆమె సరిచూస్తుంది. నా మీద కోపం వచ్చినా సరే చెప్పండి.

నీళ్ళు రోజు మార్చి రోజు వస్తే చాలు. ఇక్కడ మాకు నాలుగు రోజులకొకసారి.

ఆదివారం మీరు రావద్దు. ఈ అట్టలను రంగయ్య మామ నూలు మూటల మధ్య పెడితే వంగిపోతాయి. ఒక్కటి వంగినా నక్షత్రం జరుగుతుంది. నేనే తెస్తాను. రేపు శుక్రవారం, ఆడపిల్లను పంపరు. శనివారం పొద్దున పాసింజరు ఎక్కుతాను. అమ్మ, "ఒక్కదానివే పోతావా? అల్లుడొచ్చి పిలుచుకపోకుంటే నలుగురేమనుకుంటారు?" అంది. ఫోన్ తీసుకుని పెనుకొండకు అత్తమ్మకు చేశాను. ముగ్గురూ చూస్తూనే ఉన్నారు. హిందూపురం నేరుగా పోతాను అత్తమ్మా, అట్టలు ఇచ్చి, మేడమ్ దగ్గర ఆ దీపం పెట్టి చూపించే గది చూసి, ఆదివారం పెనుకొండ వస్తాం అన్నాను. అంత పెద్ద మాట నా నోట ఎట్లా వచ్చిందో తెలియదు. అత్తమ్మ, "సరే పో తల్లీ. వాడు ఆడ సంగటి లేక ఎండిపోయినాడు, ఏమన్నా వండి పెట్టు," అన్నారు.

స్టేషన్‌కు రండి. ముందు పెట్టెలోనే ఉంటాను. అట్టలు నా చేతుల్లో ఉంటాయి, వాటిని ముట్టుకోవద్దు. సంచి మీరు పట్టుకోండి.

సుచిత్ర